రెండో కాన్‌స్టంటైన్ (900–943): తేదీలు ఎందుకు కలవవు? 934లో తలొగ్గినవాడు 937లో ఎదురు తిరిగాడెలా?

వేంగినోట్స్ అడిగారు:

ఆల్బా (నేటి స్కాట్లాండ్‌కు తొలిరూపం) రాజు రెండో కాన్‌స్టంటైన్ మీద తెలుగు వికీ కోసం వ్యాసం రాస్తున్నాను. సమాచారపెట్టె దగ్గరే బండి ఆగిపోయింది. పాలన 900 నుంచి 943 అని అందరూ రాస్తారు, అంటే 43 ఏళ్లు. ఆల్బా రాజుల క్రానికల్ మాత్రం 40 ఏళ్లు అంటోంది. టైన్ నది దగ్గర వైకింగులతో జరిగిన యుద్ధం ఒకచోట 917, ఇంకోచోట 918. గెలుపు ఎవరిదన్న విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. 927లో ఇంగ్లండ్ రాజు ఏథెల్‌స్టాన్‌కు మాటిచ్చాడు, 934లో ఇంగ్లండ్ దస్తావేజులో సామంతుడిగా సాక్షి అయ్యాడు, 937లో అదే ఏథెల్‌స్టాన్ మీదికి సైన్యంతో వెళ్లాడు, బ్రూనాన్‌బుర్ యుద్ధంలో ఓడిపోయాడు, అయినా ఇంకో ఆరేళ్లు సింహాసనం మీదే ఉన్నాడు. ఇది పాఠకుడికి అర్థమయ్యేలా ఎలా రాయాలి? రాజ్యం వదిలేశాక కూడా దండయాత్ర చేశాడంటున్నారు, అది నిజమేనా?

పాతరాత:

ముందు తేదీలు తేల్చుకోండి, మిగతావి సులువు. మీరు చూస్తున్నవి మూడు వేరు వేరు లెక్కలు. మూడింటినీ ఒకే పట్టికలో పెడితే కలవవు.

మొదటిది అల్‌స్టర్ వార్షికాలు, అంటే ఐర్లండ్‌లో ఏడాదివారీగా రాసిన చరిత్ర. వీటి రాతప్రతిలో 1013 వరకూ వేసిన సంవత్సరం అసలు దానికంటే ఒకటి తక్కువ. ప్రతిలో 917 ఉంటే మనకు 918 అన్నమాట. కొన్ని ముద్రణలు సవరించిన సంవత్సరమే ఇస్తాయి. అది గమనించకుండా ఇంకో ఏడు కలిపితే 919 అవుతుంది. కాబట్టి వాడే ముద్రణ ముందుమాటలో ఏ పద్ధతి పాటించారో చూసుకోకుండా తేదీ ఎత్తిరాయకండి.

రెండోది ఆంగ్లో-శాక్సన్ క్రానికల్. ఇంగ్లండ్‌లో ఏడాదివారీగా రాసిన ఈ చరిత్ర ఒక పుస్తకం కాదు, "ఏ" నుంచి "ఇ" దాకా, ఇంకా పైన, ప్రతుల గుంపు. 927 ఈమంట్ ఒప్పందం (మీరన్న ఏథెల్‌స్టాన్‌కు మాటిచ్చిన సంగతి) వివరంగా ఉన్నది డి ప్రతిలో, అదీ 926 శీర్షిక కింద. అదే పద్దులో యార్క్ రాజు సిత్రిక్ చనిపోయాడని ఉంది, ఐరిష్ వార్షికాల సవరించిన లెక్కలో అతని చావు 927లో పడుతుంది. అందుకే ఒప్పందం 927 జులై 12 అని రాస్తాం. మూలాన్ని ఉటంకించేటప్పుడు "క్రానికల్" అని వదిలేయకుండా ఏ ప్రతో కూడా చెప్పండి.

మూడోది మీరు 40 ఏళ్లు చూసిన ఆల్బా రాజుల క్రానికల్. దీంట్లో క్రీస్తుశకం ఉండదు, "పాలన ఆరో ఏట", "పద్దెనిమిదో ఏట" అని ఉంటుంది. 900ను ఆధారం చేసుకుంటే ఆరో ఏడు 906 దగ్గర, పద్దెనిమిదోది 918 దగ్గర సరిపోతాయి. తేడా బ్రూనాన్‌బుర్ యుద్ధం దగ్గరే. దాన్ని 34వ ఏట అన్నారు, యుద్ధం జరిగింది 937లో. ఈ క్రానికల్‌కు మిగిలింది ఒకే ఒక్క ప్రతి, 14వ శతాబ్దంలో పాపుల్టన్ సంపుటంలో చేసిన నకలు, ఇప్పుడు పారిస్‌లో ఉంది. నాలుగు వందల ఏళ్లు చేతులు మారిన రోమన్ అంకెల్లో ఒకటి రెండు గీతలు జారిపోవడం మామూలే. 40 ఏళ్లన్నది గుండుగుత్త లెక్క. పెట్టెలో 900–943 వేసి, 40 సంగతి పాదసూచికలో పెట్టండి.

ఇంకో రెండు పెట్టె సంగతులు. బిరుదు "స్కాట్లాండ్ రాజు" అని వేయకండి, "ఆల్బా రాజు" అనండి. ఇతని తండ్రి ఏడ్ 878లో చనిపోయినప్పుడు అల్‌స్టర్ వార్షికాలు అతన్ని పిక్టుల (ఆల్బా అన్న పేరుకు ముందు అక్కడ ఏలిన జాతి) రాజు అన్నాయి. 900లో చనిపోయిన పెదనాన్న కొడుకు రెండో డోనల్డ్‌ను మొదటిసారి ఆల్బా రాజు అన్నాయి. ఈ మార్పు కాన్‌స్టంటైన్ కాలంలో స్థిరపడింది. పుట్టిన తేదీ గడి ఖాళీగా వదలండి కానీ వ్యాసంలో ఒక లెక్క చెప్పొచ్చు: తండ్రి పోయింది 878లో కాబట్టి ఎంత ఆలస్యంగా పుట్టినా 879 దాటదు. అంటే బ్రూనాన్‌బుర్ నాటికి కనీసం 58, రాజ్యం వదిలేనాటికి కనీసం 64, చనిపోయిన 952 నాటికి 73 ఏళ్లు.

ఉత్తరతీరం:

918 యుద్ధం గురించి. గెలుపు మీద గొడవ ఎందుకంటే రెండు మూలాలూ ఒకే యుద్ధాన్ని రెండు చోట్ల ఆపేశాయి. ఆల్బా క్రానికల్ "స్కాట్లు గెలిచారు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. అల్‌స్టర్ వార్షికాలు మాత్రం ఆ కాలంలో అరుదైనంత వివరంగా రాశాయి.

వైకింగ్ నాయకుడు రాగ్నల్ తన సేనను నాలుగు దళాలు చేశాడు. ఒకటి ఈవార్ మనవడు గుత్‌ఫ్రిత్ కింద, ఒకటి ఇద్దరు యార్లుల (వైకింగ్ సర్దారుల) కింద, ఒకటి కుర్ర నాయకుల కింద. నాలుగోది రాగ్నల్ దగ్గరే, మాటు వేసి ఉంది, ఆల్బా వాళ్లకు కనబడలేదు. కనబడిన మూడింటినీ ఆల్బా సేన చెదరగొట్టింది, ఓటిర్, గ్రాగబై అనే యార్లుల చుట్టూ పెద్ద ఊచకోత జరిగింది. తరుముకుంటూ పోతున్నప్పుడు రాగ్నల్ వెనకనుంచి మీద పడ్డాడు. ఈసారి చచ్చింది ఆల్బా వాళ్లు. అయితే వాళ్ల రాజు గానీ మోర్మేర్లు గానీ ఎవరూ పడలేదని వార్షికం ప్రత్యేకంగా చెప్పింది. చీకటి పడడంతో యుద్ధం ఆగింది.

కాబట్టి "ఫలితం: తేలలేదు" అని వేయండి. గెలుపు అని వేస్తే మొదటి సగమే చెప్పినట్టు. యుద్ధం తర్వాత కూడా యార్క్ రాగ్నల్ చేతికే పోయిందని మర్చిపోవద్దు. కాన్‌స్టంటైన్ అసలు అంత దక్షిణానికి రావడానికి కారణం బాంబరా పాలకుడు ఎల్డ్రెడ్. రాగ్నల్ తరిమేస్తే ఉత్తరానికి పారిపోయి సాయం అడిగాడు. ఉత్తర నార్తంబ్రియాలో వైకింగులకూ తనకూ మధ్య ఒక అడ్డు ఉండడం కాన్‌స్టంటైన్‌కు అవసరం. ఆ తర్వాత ఇరవై ఏళ్ల ఎత్తులన్నీ ఈ అవసరం చుట్టూనే తిరిగాయని నా అభిప్రాయం.

"మోర్మేర్" అన్న పదవి పేరు ఐరిష్ వార్షికాల్లో మొదటిసారి కనబడేది ఈ పద్దులోనే, దాన్ని వ్యాసంలో వదలొద్దు. ప్రాంతపు సేనను నడిపే పెద్ద అనుకోండి. "సామంతరాజు" అని రాస్తే మాత్రం తప్పు అర్థం వస్తుంది, ఎందుకంటే ఆ మాట మీకు 934 దగ్గర వేరే మనిషికి కావాలి.

వైకింగుల ముందుకథ కూడా రెండు లైన్లు రాయండి. పాలన మూడో ఏట, అంటే 903 ప్రాంతంలో, నార్స్ (వైకింగ్) దండు డన్‌కెల్డ్‌నూ ఆల్బానంతటినీ దోచింది. మరుసటేడు స్ట్రాత్‌ఎర్న్‌లో ఆ దండు నాశనమైంది. 904 కింద అల్‌స్టర్ వార్షికాలు ఈవార్ మనవడైన ఇంకో ఈవార్‌ను పిక్టుల ప్రాంతం ఫోర్ట్రియు మనుషులు చంపారని చెబుతున్నాయి. ఇక్కడ పాత పటాలు మోసం చేస్తాయి. వాటిలో ఫోర్ట్రియు స్ట్రాత్‌ఎర్న్ దగ్గరే ఉంటుంది. 2006 నుంచి పరిశోధకుల్లో ఎక్కువమంది దాన్ని ఉత్తరాన మోరే వైపు పెడుతున్నారు. పాత పటం వాడితే పోరు జరిగిన చోటు, పోరాడినవాళ్ల ఊరు ఒకటేనన్నట్టు కనబడుతుంది.

వేంగినోట్స్:

ఇద్దరికీ ధన్యవాదాలు. 906 స్కూన్ సభను పట్టాభిషేకం అని రాయొచ్చా? ఒక చోట స్కూన్ రాయి (స్కాట్ రాజుల పట్టాభిషేకపు రాయి) మీద కూర్చోబెట్టారని కూడా చదివాను.

పాతరాత:

రాయకండి. క్రానికల్‌లో ఉన్నది ఇంతే: ఆరో ఏట రాజు కాన్‌స్టంటైన్, బిషప్ కెల్లాక్ కలిసి, స్కూన్ రాజనగరం పక్కన ఉన్న విశ్వాసపు గుట్ట మీద, మత నియమాలనూ చర్చి హక్కులనూ స్కాట్లతో సమానంగా కాపాడతామని మాటిచ్చారు. రాయి ఊసు లేదు, కిరీటం ఊసు లేదు. అప్పటికి అతను రాజై ఆరేళ్లు. చివరి మాటలు, "స్కాట్లతో సమానంగా" అన్నవి, చరిత్రకారుల్ని ఇప్పటికీ కొట్టుకునేలా చేస్తున్నాయి. పిక్టుల చర్చిని గేలిక్ పద్ధతిలోకి తెచ్చారని ఒక వర్గం, స్కాట్లు కూడా రాజుతోపాటు మాటిచ్చారని ఇంకో వర్గం. రెండూ ఇవ్వండి. ప్రమాణం రాజు ఒక్కడిదే కాదు, బిషప్ సమానంగా పక్కన నిలబడ్డాడు, అది ముఖ్యం.

తాళపత్రం:

ఏథెల్‌స్టాన్ భాగానికి వస్తాను. దీన్ని "లొంగిపోయాడు, తర్వాత తిరుగుబాటు చేశాడు" అని రాయడం ఇంగ్లీషు దర్బారు రాసిన కథనే మళ్లీ రాయడం. ఏ కాగితం ఎవరి చేతిలో తయారైందో చూస్తూ వెళ్లండి.

920 పద్దు ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ "ఏ" ప్రతిలో ఉంది. ఏథెల్‌స్టాన్ తండ్రి పెద్ద ఎడ్వర్డ్ బేక్‌వెల్ దగ్గర కోట కట్టించాడని చెప్పి, ఆ వెంటనే స్కాట్ల రాజు, రాగ్నల్, ఎడ్‌వుల్ఫ్ కొడుకులు, స్ట్రాత్‌క్లైడ్ రాజు అతన్ని "తండ్రిగా, ప్రభువుగా ఎన్నుకున్నారు" అంటుంది. వాళ్లంతా బేక్‌వెల్ వచ్చారని ఆ వాక్యంలో లేదు, అది తర్వాతివాళ్లు కలిపింది. రెండేళ్ల కిందట ఒకరినొకరు నరుక్కున్న రాగ్నల్, కాన్‌స్టంటైన్ ఒకే వరుసలో ఉన్నారంటే అది సరిహద్దుల సర్దుబాటుకు ఎక్కువ దగ్గర.

927లో ఈమంట్ దగ్గర వేల్స్ రాజు హవెల్, కాన్‌స్టంటైన్, గ్వెంట్ ఓవైన్, బాంబరా ఎల్డ్రెడ్ ప్రమాణాలతో శాంతి చేసుకుని "విగ్రహారాధన అంతా వదిలేస్తాం" అన్నారు. నలుగురూ క్రైస్తవులే! అంటే అసలు షరతు అన్యమతస్థులైన డబ్లిన్ నార్స్‌మన్‌లతో పొత్తు పెట్టుకోవద్దని అనుకోవాలి. సిత్రిక్ బంధువు గుత్‌ఫ్రిత్ అప్పటికి యార్క్ కోసం తిరుగుతున్నాడు. కాన్‌స్టంటైన్ కొడుక్కి ఏథెల్‌స్టాన్ జ్ఞానపితగా ఉన్నాడన్న వివరం 12వ శతాబ్దపు విలియం ఆఫ్ మాల్మ్స్‌బరీది, డేకర్ అన్న ఊరి పేరు కూడా అతనిదే. ఈమంట్‌కు డేకర్ దగ్గరే కాబట్టి కొట్టిపారేయనక్కర్లేదు, కానీ సమకాలీన మూలం పక్కన సమానంగా పెట్టకండి.

934 దండయాత్రను దస్తావేజుల తేదీలతో దాదాపు రోజువారీగా కట్టొచ్చు, వ్యాసంలో అందరూ చదివేది ఈ భాగమే అవుతుంది. మే 28న ఏథెల్‌స్టాన్ వించెస్టర్‌లో ఉన్నాడు. జూన్ 7కి నాటింగ్‌హాం. తర్వాత చెస్టర్-లె-స్ట్రీట్‌లో సెయింట్ కుత్‌బర్ట్ సమాధి దగ్గర ఆగి కానుకలిచ్చాడు. అక్కడినుంచి, డర్హం సంప్రదాయం ప్రకారం, పదాతి సేన డన్నాటర్ దాకా, ఓడలు కేత్‌నెస్ దాకా వెళ్లాయి. సెప్టెంబర్ 13కి బకింగ్‌హాంలో ఇచ్చిన దానపత్రం మీద "కాన్‌స్టంటైన్, ఉపరాజు" అని సాక్షి ఉంది. మొత్తం మూడున్నర నెలలు. డన్నాటర్ సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండరాతి కోట, దాన్ని పట్టుకున్నారని ఎక్కడా లేదు. ఐర్లండ్ క్లాన్‌మక్నాయిస్ వార్షికాలేమో స్కాట్లు ఏథెల్‌స్టాన్‌ను పెద్ద గెలుపేమీ లేకుండానే వెనక్కి పంపారంటాయి. అయితే ఆ వార్షికాలు మనకు దొరికింది 1627 ఇంగ్లీషు అనువాదంలోనే.

935లో సైరెన్‌సెస్టర్ సభలో కూడా ఉపరాజుల వరుసలో మొదటి పేరు కాన్‌స్టంటైన్‌దే. వేల్స్ రాజులు, స్ట్రాత్‌క్లైడ్ ఓవైన్ అతని తర్వాతే. ఆ తర్వాతి సభల్లో ఇతని పేరు మాయం.

ఉత్తరతీరం:

తాళపత్రం గారితో సగమే ఏకీభవిస్తాను. 920, 927 ఒప్పందాలు సమానుల మధ్యవి కావచ్చు. 934 బకింగ్‌హాం మాత్రం కాదు. తన రాజ్యం నడిబొడ్డు దాకా పరాయి సేన వచ్చి, ఓడలు ఉత్తరపు కొస దాకా వెళ్లాక, వందల మైళ్లు దక్షిణానికి వెళ్లి ఇంకొకరి దానపత్రం మీద "ఉపరాజు" అని సాక్షి ఇవ్వడం ఓటమే. ఆ పత్రంలో సాక్షుల క్రమం రాసింది ఏథెల్‌స్టాన్ లేఖకుడే, నిజమే, కానీ కాన్‌స్టంటైన్ అక్కడ మనిషిగా నిలబడ్డాడు కదా.

937కి దారి అక్కడినుంచే. 934లోనే డబ్లిన్ గుత్‌ఫ్రిత్ చనిపోయి అతని కొడుకు ఓలాఫ్ వచ్చాడు, అతనికి యార్క్ కావాలి. కాన్‌స్టంటైన్‌కు కావలసింది 918 నాటిదే, దక్షిణాన ఏదో ఒక అడ్డు. 918లో అడ్డుగోడ ఎల్డ్రెడ్, శత్రువు వైకింగ్. 937లో అడ్డుగోడ వైకింగ్, శత్రువు వెసెక్స్, అంటే ఏథెల్‌స్టాన్ వంశం. మనిషి మారలేదు, ప్రమాదం వచ్చే దిక్కు మారింది. ఓలాఫ్ కాన్‌స్టంటైన్ అల్లుడని 12వ శతాబ్దపు జాన్ ఆఫ్ వూస్టర్ అంటాడు.

తాళపత్రం:

"మనిషిగా నిలబడ్డాడు" అన్నది ఒప్పుకుంటాను. వ్యాసంలో "ఇంగ్లీషు దస్తావేజుల్లో ఉపరాజుగా సాక్ష్యమిచ్చాడు" అని రాస్తే ఇద్దరికీ అభ్యంతరం ఉండదు. "సామంతరాజు అయ్యాడు" అని రాస్తే నాకు ఉంటుంది.

పాతరాత:

బ్రూనాన్‌బుర్ మీద ఒక హెచ్చరిక. అందరూ వాడే మూలం ఆంగ్లో-శాక్సన్ క్రానికల్‌లోని 73 పాదాల పద్యం. అది గెలిచినవాళ్ల పొగడ్త. ఐదుగురు కుర్ర రాజులు, ఓలాఫ్ యార్లులు ఏడుగురు చచ్చారంటుంది. కాన్‌స్టంటైన్‌ను నెరిసిన ముసలి యోధుడని ఎగతాళి చేస్తుంది, గాయాలతో ముక్కలైన కొడుకుని పోరునేల మీద వదిలి ఉత్తరానికి పారిపోయాడంటుంది. కొడుకు చనిపోయిన మాట ఆల్బా క్రానికల్‌లోనూ ఉంది కాబట్టి అది పక్కా. మిగతా అవమానాల్ని పద్యం మాటగానే ఇవ్వండి. అల్‌స్టర్ వార్షికాల పద్దు చూస్తే ఇంకో కోణం తెలుస్తుంది. "మహత్తర, శోచనీయ, భీకర యుద్ధం" అని రాసి, వేల మంది నార్స్‌మన్‌లు చచ్చారని, ఇంగ్లీషు వైపూ చాలామంది పోయారని చెప్పి, స్కాట్ల పేరే ఎత్తలేదు.

భౌగోళిక నిర్దేశాంకాల గడి ఖాళీగా వదలండి. విరల్‌లోని బ్రాంబరా వైపు మొగ్గు ఎక్కువ, ఊరి పేరు సరిగ్గా కుదురుతుంది, డబ్లిన్ ఓడలకు దగ్గర. కానీ జాన్ ఆఫ్ వూస్టర్ ఓలాఫ్ హంబర్ నదిలోకి వచ్చాడంటాడు, అది ఇంగ్లండ్‌కు అవతలి తీరం. పటంలో ఒక చుక్క పెడితే దాన్ని చూసినవాళ్లు వాదం తేలిపోయిందనుకుంటారు.

ఓడినా ఆరేళ్లు ఎలా నిలిచాడన్నారు. ఏథెల్‌స్టాన్ గెలుపును వెంటాడుతూ ఉత్తరానికి రాలేదు. 939 అక్టోబర్ 27న చనిపోయాడు, ఓలాఫ్ వెంటనే యార్క్ పట్టేశాడు. అంటే కాన్‌స్టంటైన్ కోరుకున్న అడ్డు యుద్ధం ఓడిన రెండేళ్లకే ఏర్పడింది.

గేలిక్‌గడప:

చివరి ప్రశ్నకు ఎవరూ రాలేదు కాబట్టి నేను. 943లో రాజ్యం వదిలేశాడు. క్రానికల్ మాట: వయసుడిగి, చేతికర్ర పట్టి, దేవుణ్ణి సేవించాడు, రాజ్యాన్ని డోనల్డ్ కొడుకు మాల్కమ్‌కు ఇచ్చాడు. సెయింట్ ఆండ్రూస్‌లో కెలిడే సన్యాసుల మఠాధిపతిగా ఐదేళ్లు ఉన్నాడన్నది తర్వాతి రాజావళుల మాట. ఐదేళ్లు కలిపితే 948 వస్తుంది, చనిపోయింది 952. రెంటినీ ఒకే వాక్యంలో పెట్టి మూలాలు వేరని చెప్పండి, సర్దడానికి చూడకండి.

దండయాత్ర సంగతి. మాల్కమ్ ఏడో ఏట, అంటే 950కి కాస్త అటూ ఇటూ, స్కాట్లు టీస్ నది దాకా దోచి, మనుషుల్నీ పశువుల మందల్నీ తోలుకొచ్చారు. క్రానికల్ అక్కడే చెబుతుంది: ఈ దాడి కాన్‌స్టంటైనే చేశాడని కొందరంటారు, ఇంగ్లీషువాళ్లను చూసి రావడానికి ఒక్క వారం రాజ్యం ఇమ్మని మాల్కమ్‌ను అడిగాడట. ఆ వెంటనే, ఉసిగొల్పింది మాత్రం కాన్‌స్టంటైనే అని సర్దుతుంది. కాబట్టి "దండయాత్ర చేశాడు" అని రాయకండి. "అతని పేరు మీద ఒక కథ ప్రచారంలో ఉండేది" అనండి. అప్పటికి కనీసం 70 ఏళ్లున్న సన్యాసి గురించి అలాంటి కథ పుట్టిందంటే ఊళ్లో అతని పేరు ఎలా ఉండేదో తెలుస్తూనే ఉంది.

బలవంతంగా దింపారా అంటే ఆధారం లేదు. అయితే వారసత్వ పద్ధతి చూస్తే మాల్కమ్ వైపునుంచి ఒత్తిడి ఉండడం వింతేమీ కాదు. కెన్నెత్ మకాల్పిన్ ఇద్దరు కొడుకులు, మొదటి కాన్‌స్టంటైన్, ఏడ్. సింహాసనం వీళ్ల రెండు శాఖల మధ్య మారుతూ వచ్చింది. పెద్ద శాఖలో రెండో డోనల్డ్, చిన్న శాఖలో మన కాన్‌స్టంటైన్, మళ్లీ పెద్ద శాఖలో డోనల్డ్ కొడుకు మాల్కమ్, మళ్లీ చిన్న శాఖలో కాన్‌స్టంటైన్ కొడుకు ఇండల్ఫ్ (954–962), తర్వాత మాల్కమ్ కొడుకు డబ్, ఆపైన ఇండల్ఫ్ కొడుకు కల్లెన్. తండ్రి 900లో పోయినప్పుడు మాల్కమ్ పసివాడైనా 943కి నలభై దాటినవాడే. అంతకాలం వంతు కోసం ఎదురుచూశాడు.

పెట్టెలో "తర్వాతివారు" గడిలో మొదటి మాల్కమ్ పేరు వేసి, "సంతానం" గడిలో ఇండల్ఫ్‌నూ బ్రూనాన్‌బుర్‌లో చనిపోయిన కొడుకునూ వేయండి. వంశవృక్షం బొమ్మ పెట్టేటట్టయితే రెండు శాఖలకూ రెండు రంగులు వాడండి, లేకపోతే మాల్కమ్‌ను కాన్‌స్టంటైన్ కొడుకు అనుకుని ఎవరో ఒకరు దిద్దేస్తారు.